చెరిపిన వ్రాత చెరిగినదా?

చీరాల ప్రక్కనే యున్న వేటపాలెము నేతపనికిని, జీడిపప్పునకును పేరుపొందిన గ్రామము. నేడు బాపట్ల జిల్లాలో చేరియున్న యీ యూరికి వీనికంటె మిన్నయైన కీర్తి తెచ్చినది సారస్వత నికేతనమను గ్రంథాలయము. 1918వ సంవత్సరమున వి. వి. శ్రేష్ఠిగారు దీనిని స్థాపించిరి. 1929లో మహాత్మాగాంధీ ఇచటికి వచ్చి భవనమునకు శంకుస్థాపన గావించిరి. వారి చేతికర్ర యొకటి నేటికిని ఆ గ్రంథాలయమున భద్రముగా నున్నది. పాత పత్రికల సంపుటములు, అరుదైన గ్రంథములు, తాళపత్రములు అచట నుండుటచే పరిశోధకులు ఎచ్చటెచ్చటి నుండియో ఆ పల్లెను వెదకికొని వచ్చుచుందురు.

దినపత్రిక మరునాటికే పాతబడును. వారము గడచిన పిమ్మట అది అలమరలో పరచుకొను కాగితము. నెల గడచిన పిమ్మట పచారీ కొట్టులో పొట్లము. అట్టి కాగితములను ప్రోగుచేసి, కుట్టి, అట్టలు వేసి నిలిపినవారుండుట చేతనే వెనుకటి తరముల వార్తలు నేడు మనకు దక్కినవి. వ్రాసినదానిని నిలుపుటకు మన పెద్దలు పడిన పాట్లను గూర్చి తరచుగా వినుచున్నాము. వ్రాసినదానిని చెరుపుటకు పడవలసిన పాట్లు కూడ కొన్ని కలవు. ఆ చరిత్రయు తక్కువది కాదు. నేడు ప్రతి గృహమునందును ఒక చిన్న గ్రంథాలయము వెలసినది. అది బల్లమీది కంప్యూటరు, లేదా చేతిలోని ఫోను. అది పాతబడి ఇల్లు విడిచిపోవు దినమున, దానిలోని వ్రాత ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము కొంతవరకు మన పాత అలవాట్లలోనే దొరకును.

వీధిబడి పిల్లవాడు మొదట అక్షరములు దిద్దినది ఇసుకలో. అరచేతితో ఒక్కసారి సర్దినచో ఓనమాలు మాయమగును. తరువాత వచ్చినది పలక. తడిగుడ్డ పెట్టి తుడిచిన పిమ్మట దానిపై నేమి వ్రాసియుండెనో గురువుగారికిని తెలియదు. తాటాకు సంగతి వేరు. దానిపై గంటముతో వ్రాయుట యనగా గీచుట. గీచిన గాటులలోనికి మసియో, ఆకు పసరో పట్టించినపుడు అక్షరములు కంటికి కనబడును. మసిని తుడిచివేసినను గాటు పోదు; మరల మసి పూసినచో అక్షరము మరల లేచివచ్చును. తాటాకుపై తప్పు వ్రాసినవాడు దానిని కొట్టివేసి ప్రక్కన మరల వ్రాసికొనవలసినదే. ఆకును పూర్తిగా వదిలించుకొనవలెనన్నచో నిప్పో, నీరో, చెదలో కావలెను.

పలక, తాటాకు అను నీ రెంటి భేదమును మనస్సున నుంచుకొందము. కంప్యూటరు చూచుటకు పలకవలె నుండును. ఒక మీట నొక్కగనే ఉత్తరము మాయమగును, ఛాయాచిత్రము మాయమగును. కాని లోపల అది తాటాకువలె ప్రవర్తించును. మసి మాత్రమే పోవును, గాటు నిలిచియుండును. ఈ సంగతి తెలియకపోవుటచేతనే అనేకుల గుట్టు బయటపడినది.

ఇంటిలోని వ్రాత ఎల్లపుడును ఆ యింటివారిది మాత్రమే కాదను సంగతి కూడ మన గ్రామ చరిత్ర చెప్పుచున్నది. కరణముల యిండ్లలో కవిలెలుండెడివి. వానిలో ఊరివారి భూములు, పన్నులు, దేవాలయ మాన్యములు, హద్దు తగవులు, సమస్తమును వ్రాయబడియుండెను. కల్నల్ కాలిన్ మెకంజీ కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య సోదరుల సాయముతో గ్రామ వృత్తాంతములను సేకరింపజేసినపుడు ఆ కవిలెలే ఆధారములైనవి. నేడు మనము కైఫీయత్తులని చెప్పుకొను చరిత్ర సామగ్రి అట్లు వచ్చినదే. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్య గ్రామోద్యోగములను రద్దుచేసినపుడు, ఇండ్లలోని గ్రామ లెక్కలను అప్పగింపవలసిన అవసరమేర్పడినది. పదవి పోయినది, కాని ఊరందరి సంగతులు వ్రాసిన కాగితములు ఎవరి చేతిలో నుండవలెనన్నది పెద్ద ప్రశ్నయైనది.

నేటి పాత కంప్యూటరును గూర్చి ఆలోచించునపుడు ఈ దృష్టాంతము మిక్కిలి ఉపకరించును. వస్త్రవ్యాపారి కంప్యూటరులో ఖాతాదారుల బాకీలుండును. వైద్యుని దానిలో రోగుల వ్యాధులుండును. ట్యూషను చెప్పు మాస్టరుగారి దానిలో పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు నుండును. సామాన్య గృహస్థుని దానిలో సైతము ఆధార్ కార్డు నకళ్లు, బ్యాంకు లెక్కలు, పొలము దస్తావేజులు, కుమార్తె పెండ్లి సంబంధమునకై వచ్చిన జాతకములు, ఛాయాచిత్రములు నుండును. యజమాని తన గుట్టునందు ఉదాసీనుడైనను, ఇతరుల గుట్టునందు ఉదాసీనుడగుటకు అతనికి హక్కు లేదు.

ఈ జాగ్రత్త మనవారికి క్రొత్తది కాదు. ప్రోనోటు వ్రాసి అప్పు తెచ్చుకొన్నవాడు వడ్డీతో సహా సొమ్ము చెల్లించిన దినమున ఏమి చేయును? సొమ్ము చేతిలో పెట్టి, కాగితము పిదప పంపించుడని చెప్పి ఇంటికి పోడు. నోటు చేతికి వచ్చువరకు గుమ్మము దాటడు. వచ్చిన వెంటనే స్టాంపు మీది సంతకము చిరుగునట్లు ముక్కలుగా చించివేయును. బాకీ తీరినంత మాత్రమున కాగితమునకు బలము పోదనియు, అది పరుల చేతబడినచో మరల లేచి కూర్చుండుననియు అనుభవము నేర్పిన విద్య యిది. కార్బను కాగితము కూడ ఇట్టిదే. పై కాగితమును చించివేసినను, ఒక్కసారి మాత్రమే వాడిన కార్బనును వెలుతురునకు ఎదురుగా పట్టినచో టైపుచేసిన పంక్తులు చదువవచ్చును.

చెరిపితిమనుకొన్న వ్రాత తిరిగి వచ్చుటకు ప్రపంచ చరిత్రలో గొప్ప నిదర్శనమొకటి కలదు. గ్రీకు శాస్త్రజ్ఞుడైన ఆర్కిమిడీసు గ్రంథములను 10వ శతాబ్దమున కాన్‌స్టాంటినోపులులో ఎవరో చర్మపత్రములపై నకలు వ్రాసిరి. చర్మము ఖరీదైన వస్తువు. అందుచే 1229లో మతాచార్యుడొకడు ఆ పత్రములపై సిరాను గీకి, తుడిచి, వానిని మడిచి, వానిపై ప్రార్థనలు వ్రాసికొనెను. ఆర్కిమిడీసు చెరిగిపోయెననియే అతడు తలచియుండును. 1906లో డేనిష్ పండితుడు హైబర్గు ఆ ప్రార్థనల క్రింద లీలగా కనబడుచున్న గణితమును గుర్తించెను. 1998లో ఆ పుస్తకము న్యూయార్కులో వేలమున 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. పిమ్మట బాల్టిమోరు నగరమునందలి వాల్టర్సు కళాప్రదర్శనశాలవారి ఆధ్వర్యమున శాస్త్రజ్ఞులు పలురకముల కాంతులతోను, ఎక్సు కిరణములతోను పరీక్షించి, కంటికి కనబడని పంక్తులను సైతము చదివిరి. గీకిన ఏడువందల యేండ్ల పిమ్మట వ్రాత పలికినది. లోకమునకు అది మహోపకారము. అట్టిదే మన బ్యాంకు లెక్కల విషయమున జరిగినచో ఉపకారము కానేరదు.

ఇక కంప్యూటరు జ్ఞాపకశక్తి సంగతి. తిరుగు పళ్లెములపై అయస్కాంత శక్తితో వ్రాయు పద్ధతిని 1956లో ఐ.బి.ఎం. సంస్థ తన రామాక్ యంత్రముతో విపణికి తెచ్చినది. అందులో 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెడివి. తరువాత పళ్లెములు చిన్నవై, జేబులో పట్టు పెట్టెలైనవి. దాచుశక్తి లక్షల రెట్లు పెరిగినది. కాని చెరుపుట అను క్రియలోని గుట్టు మాత్రము మారలేదు.

ఆ గుట్టును గ్రంథాలయపు పోలికతో సులభముగా గ్రహింపవచ్చును. గ్రంథాలయమున ప్రతి పుస్తకమునకును ఒక కార్డుండును. ఏ బీరువాలో, ఏ అరలో ఆ పుస్తకమున్నదో కార్డు చెప్పును. ఒకడు కార్డును తీసి చింపివేసెననుకొందము. జాబితాలో పుస్తకము లేదు. కాని అరలో నున్నది. ఆ చోట మరియొక పుస్తకము పెట్టువరకు అది అచ్చటనే యుండును. బీరువాలన్నియు వెదకు ఓపిక గలవానికి అది దొరకును. కంప్యూటరులో ఫైలును తొలగించునపుడు జరుగునది చాలవరకు ఇదియే. యంత్రము కార్డును మాత్రము చింపి, ఈ చోటు ఖాళీ యని గుర్తు పెట్టుకొనును. చెత్తబుట్టను ఖాళీచేసినను ఇంతే. త్వరితముగా ఫార్మాటు చేయుట యనగా కార్డుల పెట్టె మొత్తమును పారవేయుటయే. పుస్తకములు బీరువాలలో నుండగనే క్రొత్త కార్డుల పెట్టెను తెచ్చి పెట్టుట. పోయిన ఫైళ్లను వెదకి తెచ్చు సాధనములు అంగడిలో సులభముగా దొరకుచున్నవి. పొరపాటున చెరిపిన ఛాయాచిత్రములను మరల తెచ్చుకొనుటకు అవి మనకు మేలుచేయును. మన పాత యంత్రమును కొన్నవానికిని అంతే మేలుచేయును.

ఇది ఊహామాత్రము కాదని 2003 జనవరిలో ప్రకటింపబడిన ఒక పరిశోధన నిరూపించినది. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో చదువుచుండిన సిమ్సన్ గార్‌ఫింకెల్, అభి షెలాత్ అను నిరువురు, వాడి అమ్మివేసిన హార్డు డిస్కులను 158 కొని పరీక్షించిరి. వానిలో పనిచేయుచున్నవి 129. సరిగా శుభ్రము చేయబడినవి 12 మాత్రమే. మిగిలినవానినుండి వారికి 5,000కు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య సంబంధమైన ఉత్తరములు, కుటుంబ వ్యవహారములు లభించినవి. అమ్మినవారిలో అనేకులు అన్నియు చెరిపితిమనియే నమ్మియుందురు.

ఇతరుల మీద భారము వేసినను నిశ్చింత లేదని 2019లో జపానునందు వెల్లడియైనది. కనగావా రాష్ట్ర ప్రభుత్వము వాడిన హార్డు డిస్కులను ధ్వంసము చేయవలసిన సంస్థలోని ఉద్యోగి యొకడు, వానిని ధ్వంసము చేయక తస్కరించి, ఇంటర్నెట్టు వేలములో అమ్ముకొనెను. అట్లు బయటికి పోయినవి 18. కొన్నవారిలో నొకరు వానిలో ప్రభుత్వ పత్రములుండుట గమనించుటచే సంగతి బయటపడినది. ప్రోనోటు చించుమని పొరుగువానికి ఇచ్చి పంపిన ఫలమిది.

మరి నిజముగా చెరుపుటెట్లు? తిరుగు పళ్లెములు గల హార్డు డిస్కు విషయమున ఉపాయము తేటతెల్లము. ప్రతి అరలోను పాత పుస్తకమును తీసి తెల్లకాగితముల పుస్తకమును పెట్టవలెను. అనగా డిస్కు పొడవునను సున్నలు వ్రాయింపవలెను. ఇందుకు ఎన్నిమారులు వ్రాయవలెనన్నదానిపై చాలకాలము వాదము నడచినది. 1996లో న్యూజిలాండునందలి ఆక్లండు విశ్వవిద్యాలయమునకు చెందిన పీటర్ గుట్‌మన్, ఆనాటి పలురకముల డిస్కులను దృష్టిలో నుంచుకొని 35 మారులు వ్రాయు పద్ధతిని వివరించెను. ఆ సంఖ్యను జనులు మంత్రమువలె పట్టుకొనిరి. ఏ యంత్రమునకైనను ముప్పదియైదు మారులు వల్లింపనక్కరలేదని ఆయనయే తరువాత చెప్పవలసివచ్చినది. నేటి హార్డు డిస్కునకు ఆసాంతము ఒక్కమారు వ్రాసిన సామాన్యముగా చాలునని అమెరికా ప్రమాణముల సంస్థవారి మార్గదర్శక గ్రంథము కూడ చెప్పుచున్నది.

ఇటీవలి కంప్యూటర్లలో పళ్లెములు లేవు. చిప్పులలోనే వ్రాత దాగియుండును. వానిని ఎస్.ఎస్.డి. అందురు. ఫోనులు, పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు ఈ జాతివే. వీనిలో ప్రతి గదియు కొన్నిమారులు మాత్రమే వ్రాతను సహించును. అందుచే ఒకే గది అరిగిపోకుండ, లోపలి నియంత్రణ యంత్రము క్రొత్త వ్రాతను వేరొక గదికి మార్చుచుండును. మనము పాత పుస్తకము చోట తెల్లపుస్తకము పెట్టుమనగా, సేవకుడు దానిని వేరొక బీరువాలో పెట్టి వచ్చినట్లు! 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖ పరిశోధకులు ఈ సంగతిని పరీక్షించి, విడి ఫైళ్లపై మరల వ్రాయు పద్ధతులు ఇట్టి పరికరములలో నమ్మదగినవి కావని చూపిరి.

దీనికి మేలైన ఉపాయము గూఢలిపి. మొదటినుండియు డిస్కులోని సమస్తమును రహస్యలిపిలో వ్రాయించి, దాని తాళపుచెవి వంటి సంఖ్యను యంత్రములో భద్రపరుతురు. అమ్మునాడు ఆ తాళపుచెవిని నాశనము చేసిన చాలును; మిగిలిన వ్రాత ఎవ్వరికిని అర్థము కాని రాతిగుట్ట. విండోసులో బిట్‌లాకర్, ఆపిల్ కంప్యూటర్లలో ఫైల్‌వాల్ట్ అనునవి ఇట్టి ఏర్పాట్లు. ఇటీవలి స్మార్టు ఫోనులలో ఇది ముందే యుండును. అందుచే వానిని ఫ్యాక్టరీ రీసెట్ చేసినపుడు తాళపుచెవి నశించును.

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు సామాన్య సహాయమును నిలిపివేసినది. క్రొత్త విండోసును మోయలేని పాత యంత్రములు అనేక గృహములనుండి బయటికి పోవు కాలమిది. కనుక గృహస్థులు చేయదగిన పనులను వరుసగా చెప్పుకొందము.

మొదటి పని చెరుపుట కాదు, దాచుట. తాతగారి ఛాయాచిత్రములు, అమ్మమ్మ పాడిన పాట, దస్తావేజుల నకళ్లు ఆ యంత్రములో మాత్రమే యుండవచ్చును. వానిని రెండు వేరు చోట్ల నకలు చేసి, నకళ్లు తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. పెద్దలు గతించిన యింట, తొందరపడి వారి కంప్యూటరును అమ్మినచో రెండు నష్టములును కలుగును: దాచవలసినది పోవును, చెరుపవలసినది మిగులును. రెండవ పని, ఈ-మెయిలు మొదలగు ఖాతాలనుండి బయటికి వచ్చి, ఆ యంత్రమును ఖాతాల జాబితానుండి తొలగించుట. మూడవది, గూఢలిపి లేనిచో దానిని ముందుగా అమర్చి, పిమ్మట యంత్రమును మొదటి స్థితికి తెచ్చుట. అట్లు తెచ్చునపుడు, ఫైళ్లను ఉంచవలెనా తీయవలెనా యని యంత్రము అడుగును. అన్నిటిని తీయుమనియు, డ్రైవును పూర్తిగా శుభ్రపరచుమనియు చెప్పవలెను. పెద్ద హార్డు డిస్కునకు ఇది గంటల తరబడి పట్టవచ్చును. అర నిమిషములో ముగిసినచో కార్డుల పెట్టె మాత్రమే పోయినదని సందేహింపవలెను.

యంత్రము చెడిపోయి తెరపై ఏమియు కనబడనిచో, డిస్కును విప్పి తీయించి ఇంట నుంచుకొనుట, లేక ధ్వంసము చేయుట మంచిది. హార్డు డిస్కునకు బెజ్జములు పొడిపించి పళ్లెములను చెడగొట్టవలెను. ఎస్.ఎస్.డి.లోనైతే ప్రతి చిప్పును ముక్కలు చేయవలెను. ప్రక్కన బెజ్జము పడిన చిప్పు క్షేమముగా మిగిలిపోవచ్చును. నీటిలో ముంచుట, ఇంటిలోని అయస్కాంతమును రుద్దుట నమ్మదగిన ఉపాయములు కావు. నిప్పులో వేయుట మొదలే కూడదు. ఆ పొగ విషము. మిగిలిన యంత్రమును అనుమతి గల ఎలక్ట్రానిక్ వ్యర్థముల సేకరణ కేంద్రమునకు ఇచ్చుట ఊరి నేలకును నీటికిని మేలు.

చట్టము కూడ ఈ త్రోవనే నడచుచున్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తి గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తన సమాచారమును చెరిపివేయుమని సంస్థలను కోరు హక్కును పౌరునకు గుర్తించినది. కాని మన యింటి పాత పెట్టెను మనమే అంగడికి పంపినపుడు, ముందుగా మెలకువ వహింపవలసినది మనమే.

వేటపాలెము వంటి గ్రంథాలయములు లోకమునకు చెందిన వ్రాతను నిలిపినవి. ప్రోనోటు చించిన గృహస్థుడు తనకు మాత్రమే చెందిన వ్రాతను చెరిపినాడు. రెండును వ్రాతయొక్క బలమెరిగినవారి పనులే. పాత ఉత్తరములలో ఊరి చరిత్ర యున్నచో నకలు తీసి గ్రంథాలయమునకు ఇత్తము. బ్యాంకు లెక్కలు, పొరుగువారి సంగతులు ఉన్నచో గాటు కూడ మిగులకుండ చెరుపుదము. ఏది నిలువవలెనో, ఏది చెరుగవలెనో నిర్ణయించుట పెట్టె గుమ్మము దాటకముందే జరుగవలసిన పని.